నిన్నెవరైనా అడిగారా, బిడ్డా?

ఇంటి దీపం – తల్లుల శీర్షిక



మిర్చి సీజను మంచి జోరు మీద ఉన్నప్పటి మాట ఇది. మా ఎనుమాముల మార్కెట్ సంగతి మీకు తెలియనిది కాదు. ఫిబ్రవరి వచ్చిందంటే రాత్రింబవళ్ళు బండ్లు దిగుతూనే ఉంటాయి. ఊరంతా మిరప ఘాటే. ఆ దినాల్లో ఒక ఆదివారం ఆరాధన ముగిసి బయట చెప్పులు వేసుకుంటుంటే మా సంఘములోని ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె వెనుక నిండు నెలల కోడలు నిలబడి ఉంది. తొలిచూలు.

"సిస్టరమ్మా, గురువారం నాడు మా కోడలికి ఆపరేషన్ అన్నరు. పైసలు కూడా కట్టినం. జర ప్రార్థన చెయ్యుండ్రి."

"ఆపరేషన్ ఎందుకమ్మా? బీపీ ఉన్నదా? బిడ్డ అడ్డం తిరిగిందా?"

"అసువంటివి ఏం లేవమ్మా. పిల్ల నొప్పులకు ఆగదని వాళ్ళ తల్లిగారోళ్ళు అంటున్నరు. ఆదివారమేమో అమాస. మా వాడు మార్కెట్ల హమాలి పనిల ఉన్నడు, గురువారమైతేనే వానికి ఒక పూట ఎల్లుతది. అన్ని చూసుకొని గురువారం పెట్టుకున్నం."

కార్డు తీసి చూశాను. కాన్పు తేదీకి ఇంకా రెండున్నర వారాలు ఉంది. కోడలి వైపు తిరిగి, "నువ్వేమంటవు బిడ్డా? నిన్నెవరన్న అడిగిన్రా?" అన్నాను.

ఆ అమ్మాయి అత్త ముఖం చూసింది. తర్వాత నేల చూసింది. "నన్నెవరు అడుగుతరు సిస్టరమ్మా" అంది.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా కాన్పు గదుల్లో పనిచేసినదాన్ని. ఇన్నేళ్ళలో ఎంతమంది తల్లులను నేను ఆ ప్రశ్న అడిగాను? నిజం చెబితే, చాలా తక్కువమందిని. "అరవకు", "కదలకు", "కాళ్ళు చాపు" అన్న మాటలే ఎక్కువ అన్నాను. అందుకే ఈ నెల ఈ సంగతి మీతో మాట్లాడాలనుకున్నాను.

అడగని రోజులు

ముందు పాత రోజుల మాట చెప్పాలి. మన అమ్మమ్మల కాలంలో కాన్పంటే ఇల్లే, మంత్రసానే. ఆ మంత్రసానుల్లో ఎక్కువమంది పేద ఇళ్ళ స్త్రీలు, మన పేటల స్త్రీలు. ఊరిలో పెద్ద ఇళ్ళ బిడ్డలు కూడా వారి చేతుల్లోనే భూమి మీద పడ్డారు. ఆ చేతులతో నీళ్ళిస్తే మాత్రం ఆ ఇళ్ళవారు తాగేవారు కారు. చదువు లేకపోయినా వారికి ఓపిక ఉండేది. తల్లి వెనుక కూర్చుని నడుము పట్టేవారు, నడిపించేవారు, గొంతుక్కూర్చోబెట్టేవారు, ధైర్యం చెప్పేవారు. ఇప్పుడు పెద్ద చదువులు చదివిన మిడ్‌వైఫులు ఇవే మళ్ళీ నేర్పుతున్నారు.

కానీ పాతదంతా మంచిదని నేను చెప్పను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1980ల్లో, ఒక పల్లెకు రమ్మని తెల్లవారుజామున కబురు వచ్చింది. వెళ్ళి చూస్తే బిడ్డ అడ్డంగా ఉంది, చెయ్యి ముందుగా బయటికి వచ్చింది. ఆ స్థితిలో మంత్రసాని చేయగలిగిందేమీ లేదు, నేను చేయగలిగిందీ లేదు. ఆపరేషన్ ఒక్కటే దారి. ఎడ్లబండి మీద రోడ్డుదాకా, అక్కడి నుంచి బస్సులో పట్నానికి చేరేసరికి మధ్యాహ్నమైంది. బిడ్డ దక్కలేదు. మూడో రోజున తల్లి కూడా పోయింది. ఆమె చెల్లెలు ఏడుస్తూ చెప్పిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "రాత్రినుంచే దవాఖానకు తీసుకపోండ్రని మొత్తుకున్నది. మొగోళ్ళు తెల్లారినంక చూద్దామన్నరు."

గమనించారా? అక్కడ కూడా ఆమె మాట ఎవరూ వినలేదు.

ఇటువంటి చావులు చూసే మన మిషనరీ తల్లులు ఆసుపత్రులు కట్టారు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. పరాయి మగ వైద్యుడి ముందుకు ఆడవారిని రానివ్వని కాలమది. ఆమె స్త్రీల కోసం పనిచేసి 1898లో ఆసుపత్రి తెరిచారు. ఆ పనివల్ల, ఆ తర్వాత ప్రభుత్వ దవాఖానల వల్ల బ్రతికిన తల్లులు ఎందరో. మన దేశంలో 2001–03లో లక్ష కాన్పులకు 301 మంది తల్లులు చనిపోయేవారు. 2018–20 నాటికి అది 97కు, మన తెలంగాణలో 43కు తగ్గింది. 108 బండి, ఆశా కార్యకర్త, రక్తం నిలువ, ఆపరేషన్ థియేటర్ అన్నీ కలిస్తేనే ఇది జరిగింది. మళ్ళీ ఇంటి కాన్పులకు పోదామని ఎవరైనా అంటే వినకండి.

ఇప్పుడు రెండో వైపు

అయితే కథ అక్కడ ఆగలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే. ఇది సంతోషమే. అదే సర్వేలో ఇంకొక లెక్క ఉంది. మన రాష్ట్రంలో నూటికి దాదాపు 61 కాన్పులు ఆపరేషన్ ద్వారా జరిగాయి. దేశమంతటా చూస్తే నూటికి 21 మాత్రమే. తెలంగాణ ప్రయివేటు ఆసుపత్రుల్లో నూటికి 81, సర్కారు దవాఖానల్లో 44. మొత్తం కాన్పుల లెక్కలో ఆ సర్వే నాటికి దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇన్ని ఆపరేషన్లు లేవు. 2005–06లో దేశమంతటా నూటికి ఎనిమిదే.

మన ఆడపిల్లల శరీరాలు పదిహేనేళ్ళలో మారిపోయాయా? లేదు కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక మాట స్పష్టం చేసింది. జనాభా మొత్తం మీద ఆపరేషన్లు నూటికి పది దాటాక, ఎన్ని పెంచినా తల్లుల, పసిబిడ్డల చావులు తగ్గినట్టు కనబడలేదు. ఏదో ఒక అంకె కోసం పాకులాడవద్దు, అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందాలి అని కూడా ఆ సంస్థే చెప్పింది. ఆ రెండో మాటను మరచిపోకండి.

మరి ఎందుకిలా? తప్పంతా డాక్టర్లదే అనడం సుళువు. కానీ కాన్పు కోసం పన్నెండు, పద్నాలుగు గంటలు పక్కన కూర్చోవడానికి మనిషి కావాలి. ఒక్క డాక్టరు, ఇద్దరు నర్సులు, ఇరవై మంది తల్లులు ఉన్నచోట ఎవరు కూర్చుంటారు? ఏదైనా జరిగితే బంధువులు వచ్చి అద్దాలు పగలగొడతారన్న భయం వారికి. నొప్పుల భయం పిల్లకు. పిల్ల అరుపులు వినలేని భయం తల్లికి. డబ్బు ఆశ కూడా లేదనను. వీటన్నిటి మీద మన ముహూర్తాలు.

అవును, ముహూర్తాలే. మన సంఘములలో అటువంటివి లేవని మీరనుకుంటే పొరపాటు. పంచాంగం ఇంట్లో పెట్టుకోము గానీ అమాస అడుగుతాము, మంగళవారం వద్దంటాము. ప్రార్థనలో బిడ్డ రాకను దేవుని చేతికి అప్పగించి, బయటికి వచ్చి తేదీ మనమే రాసిస్తాము. గడువుకు ముందే, నొప్పులు రాకముందే ఆపరేషన్ చేసి తీసిన బిడ్డల్లో ఊపిరి ఇబ్బంది ఎక్కువ. 39 వారాలు నిండకముందు కారణం లేకుండా తీయవద్దని వైద్యులు అనేది అందుకే. ఆ అమ్మాయికి పెట్టిన గురువారం 39 వారాలకు ముందే వస్తోంది.

తొలి కాన్పు ఆపరేషన్ అయితే దాని ఫలం తర్వాతి కాన్పుల మీద కూడా పడుతుంది. తగిన పరీక్షలతో, పెద్ద ఆసుపత్రిలో రెండో కాన్పు మామూలుగా అయ్యే అవకాశం చాలామందికి ఉన్నా, మన దగ్గర ఎక్కువగా మళ్ళీ కోతే. ప్రతి కోతకూ తర్వాతి కాన్పులో మాయ పాత కుట్టు దగ్గర గర్భసంచికి అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. అలా అతుక్కుంటే రక్తం ఆగదు. కూలికి పోయే ఇంట్లో అప్పు, నెలల తరబడి బరువు ఎత్తలేని నడుము, ఇవి లెక్కలోకి రాని ఖర్చులు.

మిడ్‌వైఫులు ఏమంటున్నారు?

హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి 1948 నుంచి ఉంది. అక్కడ డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ 2011లో నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టించారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆ సంస్థతో, యూనిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో 30 మంది సర్కారు నర్సులకు పద్దెనిమిది నెలల శిక్షణ ప్రారంభించింది. మరుసటి ఏడాది, 2018లో, కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫ్ సేవల మార్గదర్శకాలు విడుదల చేసింది. మంత్రసాని పని చదువుతో, గౌరవంతో తిరిగి వచ్చిందన్నమాట.

వారు చెప్పేది విచిత్రమైనదేమీ కాదు. ఆరోగ్యంగా ఉన్న తల్లికి కాన్పు జబ్బు కాదంటారు. తల్లిని మంచానికి కట్టేసినట్టు వెల్లకిలా పడుకోబెట్టక, నడవనివ్వాలి, పక్కకు ఒరగనివ్వాలి, తనకు వీలైన తీరున కూర్చోనివ్వాలి. నీళ్ళు తాగనివ్వాలి. పొట్ట మీద ఎక్కి ఒత్తకూడదు. అవసరం లేకుండా కింద కోసి కుట్లు వేయకూడదు. పరీక్ష చేసే ముందు అడగాలి. తల్లికి నమ్మకమైన ఒక స్త్రీ మొదటినుంచి చివరిదాకా పక్కన ఉండాలి. సర్కారు దవాఖానల్లో ఇలా ఒక తోడును ఉండనివ్వవచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. పక్కన ఎడతెగని తోడు ఉన్న తల్లులకు ఆపరేషన్లు తగ్గుతాయని, నొప్పుల సమయం కొంత తగ్గుతుందని అనేక దేశాల్లో చేసిన పరిశోధనలు చూపాయి.

నేను చదువుకునే రోజుల్లో గర్భద్వారం గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోవాలని నేర్పారు. దానికంటే నెమ్మదైతే "కాన్పు ముందుకు పోవడం లేదు" అని రాసేవాళ్ళం. ఆ కొలతను అందరికీ అంటగట్టవద్దని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అయిదు సెంటీమీటర్లు వచ్చాకనే గట్టి నొప్పుల దశ మొదలైనట్టు లెక్క, తొలిచూలుకు ఆ దశ పన్నెండు గంటలదాకా పట్టవచ్చు. తల్లీ బిడ్డా బాగున్నంతవరకు గడియారం చూసి కంగారుపడనక్కరలేదు. ఇది చదివినప్పుడు నేను తొందరపెట్టిన తల్లుల ముఖాలు గుర్తుకొచ్చాయి. తలవంచుకున్నాను.

నొప్పి గురించి ఒక మాట. నొప్పులు హవ్వకు వచ్చిన శాపమని, వాటిని తగ్గించుకుంటే పాపమని అనేవారు ఇంకా ఉన్నారు. 1847లో స్కాట్లండులో డాక్టర్ సింప్సన్ కాన్పు నొప్పులకు క్లోరోఫాం వాడినప్పుడు కూడా అలాగే అన్నారు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పుకు దాన్నే వాడించుకుంది. చేనులో ముళ్ళూ గచ్చపొదలూ మొలుస్తాయని ఆదికాండములోనే ఉంది. అయినా మనం కలుపు తీయడం లేదా? నొప్పి తగ్గే మందు అడగడం తప్పు కాదు, ఓర్చుకుంటానని చెప్పడమూ తప్పు కాదు. ఆ మాట తల్లిది.

నార్మల్ కాన్పు కోసం పట్టుదల వద్దు

ఇంతవరకు చదివి "ఎట్లయినా నార్మల్ కాన్పే కావాలి" అని డాక్టరుతో కొట్లాడకండి. ఆ పట్టుదల కూడా ప్రాణాలు తీస్తుంది. ఇంగ్లండులో మామూలు కాన్పులు చాలావరకు మిడ్‌వైఫుల చేతుల్లోనే జరుగుతాయి. అక్కడ ష్రూస్‌బరీ, టెల్ఫర్డ్ ఆసుపత్రుల మీద జరిగిన విచారణ నివేదిక 2022లో బయటికి వచ్చింది. మంచి సేవ అంది ఉంటే 201 మంది పసిబిడ్డలు, తొమ్మిదిమంది తల్లులు బ్రతికి ఉండేవారేమో అని అందులో ఉంది. అవసరమైనప్పుడు కూడా ఆపరేషన్‌కు వెనకాడడం ఒక కారణం. తల్లులు మొరపెట్టుకున్నా వినకపోవడం ఇంకొక కారణం.

చూశారా అక్కలారా, మళ్ళీ అదే మాట. మా పల్లెలో ఆలస్యం వల్ల పోయిన తల్లి మాట ఎవరూ వినలేదు. తొందరపడి కోసిన తల్లిని ఎవరూ అడగలేదు. ఇంగ్లండులో నార్మల్ అన్న పేరు కోసం ఆగినచోట కూడా తల్లి మాట వినలేదు.

నా కూతురికి కూడా ఆపరేషనే అయింది. పది గంటల నొప్పుల తర్వాత బిడ్డ గుండె కొట్టుకోవడం పడిపోయింది. డాక్టరమ్మ వచ్చి నా కూతురి చెయ్యి పట్టుకుని, "బిడ్డ అలసిపోయింది తల్లీ, ఇప్పుడే తీయాలి, సరేనా?" అని అడిగింది. అర నిమిషం పట్టి ఉంటుంది ఆ మాటకు. "సరే" అంది నా కూతురు. ఈ రోజుకూ ఆమెకు ఆ ఆపరేషన్ మీద బాధ లేదు. బాధ పెట్టింది మన సంఘములోని ఒక అక్క. బిడ్డను చూడవచ్చి, "నొప్పులు పడకుండనే కన్నవన్నమాట" అంది. దయచేసి అలా అనకండి. కడుపు కోసుకుని బిడ్డను బ్రతికించుకున్న తల్లి ఎవరికీ తీసిపోదు.

మరి ఏమి అడగాలి?

డాక్టరు ఆపరేషన్ అంటే గౌరవంగా మూడు ప్రశ్నలు అడగండి. ఎందుకు చేయాలి? ఇప్పుడే చేయాలా, కొంత ఆగి చూడవచ్చా? ఆగితే తల్లికి, బిడ్డకు ఏ ప్రమాదం? నిజమైన కారణం ఉన్న డాక్టరు ఈ ప్రశ్నలకు కోపగించుకోరు. మాయ అడ్డంగా ఉంటే, బిడ్డ అడ్డం తిరిగితే, బొడ్డుతాడు ముందుగా జారితే, బిడ్డ గుండె చప్పుడు తగ్గితే క్షణం ఆలస్యం చేయకుండా ఒప్పుకోండి.

ఇంట్లో ఉండగా రక్తం పోతే, ఫిట్స్ వస్తే, తలనొప్పితో కళ్ళు మసకబారితే, ఉమ్మనీరు పోయినా, అది పచ్చగా ఉన్నా, బిడ్డ కదలిక తగ్గినా, జ్వరం వచ్చినా తెల్లవారనివ్వకండి. 108కి ఫోను చేయండి. ఆ నిర్ణయానికి మగవారి కోసం, పెద్దల కోసం, ఫాదర్ గారి ప్రార్థన కోసం కూడా ఆగవద్దు. ప్రార్థన బండిలో చేసుకోవచ్చు.

బైబిలులో షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులున్నారు. మగబిడ్డలను చంపమని ఐగుప్తు రాజు ఆజ్ఞాపిస్తే, వారు దేవునికి భయపడి ఆ బిడ్డలను బ్రతకనిచ్చారు. నిర్గమకాండము మొదటి అధ్యాయములో ఆ రాజు పేరు లేదు గానీ ఈ ఇద్దరు స్త్రీల పేర్లున్నాయి. రాజు మాటకంటే తమ ముందున్న తల్లి, బిడ్డల ప్రాణాలే వారికి ముఖ్యమయ్యాయి. ఈనాటి రాజు ఎవరు? ఒకచోట డబ్బు, ఒకచోట అమాస, ఒకచోట గడియారం, ఒకచోట నలుగురేమంటారో అన్న భయం. మీరే ఆలోచించండి.

ఆ అమ్మాయి సంగతి

సోమవారం సాయంత్రం వారి ఇంటికి వెళ్ళాను. అత్తను, కొడుకును కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పాను. చివరికి కోడలిని అడిగాను. చాలాసేపు కొంగు నలిపి, "నొప్పులంటె భయమే. కాని అత్తమ్మ పక్కపొంటి ఉంటానంటె చూత్త" అంది. అత్త నోట మాట రాలేదు. తనను అడుగుతుందని ఆమె అనుకోలేదు.

మరునాడు ముగ్గురూ ఆ ఆసుపత్రికి వెళ్ళి ఆ మూడు ప్రశ్నలూ అడిగారు. "తేదీ తెచ్చింది మీరే గదా! తల్లీ బిడ్డా మంచిగున్నరు, ఆగవచ్చు" అందట డాక్టరమ్మ. కట్టిన డబ్బులో కొంత తిరిగి రాలేదు. దానికి కొడుకు రెండు రోజులు గొణిగాడు.

గడువుకు మూడు రోజుల ముందు రాత్రి నొప్పులు మొదలయ్యాయి. సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. డ్యూటీలో ఉన్న నర్సమ్మ మంచిది, అత్తను లోపలికి రానిచ్చింది. ఆ పెద్దమ్మ రాత్రంతా కోడలి నడుము రుద్దుతూ, వరండాలో నడిపిస్తూ, నీళ్ళు తాగిస్తూ కూర్చుంది. మధ్యలో ఒకసారి కోడలు, "నాతోని కాదు, కోసెయ్యుమనుండ్రి" అని ఏడ్చిందట. నర్సమ్మ పరీక్ష చేసి, బిడ్డ గుండె చప్పుడు విని, "బిడ్డ మంచిగున్నది, ఇంకో గంట చూద్దామా తల్లీ? నీకు వద్దంటె డాక్టరమ్మను పిలుస్త" అంది. "చూద్దాం" అంది పిల్ల.

మార్కెట్‌కు మిర్చి బండ్లు దిగే వేళకు ఆడపిల్ల పుట్టింది. పెద్దమ్మ నాకు ఫోను చేసి మొదట చెప్పిన మాట, "మంగళారం పుట్టింది సిస్టరమ్మా!" అని. ఇద్దరం నవ్వుకున్నాం.

మీ ఇంట్లో నెలలు నిండిన బిడ్డ ఉందా? ఈ వారమే పక్కన కూర్చుని అడగండి. నీకేం భయం? కాన్పు గదిలో నీ పక్కన ఎవరుండాలి? ఆమె చెప్పేది చివరిదాకా వినండి. మన స్త్రీల సమాజములో నెలకొకసారి గర్భిణీ స్త్రీల కోసం ప్రార్థన చేస్తున్నాము కదా, ఆ రోజున వారిని మాట్లాడనిచ్చి మనం వింటే ఇంకా మంచిది.

వచ్చే నెల బాలింత తిండి, పథ్యాల గురించి మాట్లాడుకుందాం. అంతవరకు మీ ఇంటిలోని తల్లులను, పుట్టబోయే బిడ్డలను దేవుడు కాపాడును గాక.